కిడ్నీ జబ్బూ, తాగుడూ: ఒకే చీటీ మీద వైద్యం



కొబ్బరికి తెల్లదోమ, జీడికి టీ దోమ గురించి చెప్పవలసినవాడు తాగుడు మాట ఎత్తాడేటని అనుకోవచ్చు. తోట పచ్చగా ఉండి తోటవాడు మంచం పట్టిన ఇళ్లు కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాలలో ఎన్ని ఉన్నవో మీకు చెప్పనక్కరలేదు గదా!

ఉద్దానం కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు నేటికీ తేల్చలేదు. తాగుడువల్లనే వచ్చిందని ఎవరైనా అంటే నమ్మకండి. చుక్క ముట్టని ఆడవాళ్లకూ వచ్చింది. అయితే మితిమీరిన తాగుడు రక్తపోటును పెంచుతుంది, ఆ పోటు కిడ్నీని మరింత అరగదీస్తుంది. ఒళ్లు నొప్పులకని కొట్లో కొని మింగే డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటి బిళ్లలూ దెబ్బతిన్న కిడ్నీకి చేటే. బిళ్ల లేనిదే తోటలోకి దిగలేనంటే అదీ ఒక అలవాటే.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా, 1995లో మద్యం మొత్తం నిషేధమయినవి. 1997లో మద్య నిషేధం సడలిపోయింది. దుకాణం మూతపడితే చాలదు, అలవాటుపడిన ఒంటికి వైద్యం కూడా కావలెనని నా అభిప్రాయం.

ఇక్కడ ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగేవాడు ఒక్కసారిగా మానితే చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి. రెండు మూడు రోజులలో మూర్ఛ రావచ్చు, లేనివి కనబడవచ్చు, ప్రాణమే పోవచ్చు. దయ్యం పట్టిందని కట్టివేయవద్దు. గొలుసులతో కట్టడం 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం నిషిద్ధం కూడాను. ఆసుపత్రిలో డాక్టరు చూపులో మాన్పిస్తే మందులున్నవి, బి-1 విటమినూ ఇస్తారు. అతనికి తెలియకుండా కూరలో పొడి కలిపి పెట్టడమైతే మరీ ప్రమాదం. అందులో డైసల్ఫిరాం ఉండి, పైన అతను తాగితే గుండెకు ముప్పు.

కిడ్నీ చెడినవానికి చాలా మందుల మోతాదు మారుతుంది. కాబట్టి కిడ్నీ డాక్టరుకు తాగుడు సంగతి, తాగుడు మాన్పించే డాక్టరుకు క్రియాటినిన్ లెక్క తెలియకపోతే ఎలా? ఒకచోటికి ఒకరోజు, మరోచోటికి మరోరోజు తిరిగితే రెండు రోజుల కూలి, రెండు బస్సు చార్జీలు! 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభమయినవి. డయాలసిస్‌కు రోగి సారికి నాలుగు గంటలు మంచం మీద ఉంటాడు. తాగుడు, నిద్ర, దిగులు గురించి అడగడానికి అంతకంటె తీరిక వేళ ఎక్కడ దొరుకుతుంది? అక్కడే అడగాలి, అక్కడే చీటీ మీద రాయాలి.

గ్రామసేవ చేసే తోటి ఉద్యోగులకు ఒక మాట. రైతు సమావేశానికి ఏ.ఎన్.ఎం.ను, ఆశా కార్యకర్తను కూడా పిలవండి. మందు పిచికారీ గురించి చెప్పిన నోటితోనే, తాగి పిచికారీకి దిగవద్దనీ చెప్పండి. నలుగురిలో ఎవరినీ తాగుబోతని పిలవకండి, రెండోసారి రాడు.

ఇంట్లోనుంచే అడగదలచినవారికి ఉచిత ఫోనులున్నవి: వ్యసన విముక్తికి 14446, మనసు బాధకు టెలిమానస్ 14416. ఆసుపత్రికి వెళ్లేనాడు మింగుతున్న బిళ్లల అట్టలన్నీ సంచిలో వేసుకు వెళ్లండి, ఖాళీ అట్టయినా సరే.