కొత్త కిడ్నీ – చిన్న జ్వరం



1971లో వెల్లూరులో కిడ్నీ మార్పిడి విజయవంతమైనప్పుడు అదొక వింత. ఈనాడు తెలుగునాట 2013లో మొదలైన జీవన్‌దాన్ పథకం వల్ల, బ్రెయిన్ డెత్ అయినవారి అవయవాలు కూడా రోగులకు అందుతున్నాయి. సంతోషమే. అయితే ఆపరేషన్ జయప్రదమై మనిషి ఇంటికి వచ్చాక మన బాధ్యత ఏమిటి? ఆ ఒక్క సంగతే మనవి చేస్తాము.

మన శరీరం ఇంకొకరి కిడ్నీని పరాయిదిగా ఎంచి దాడి చేస్తుంది. ఆ దాడిని అణచడానికే టాక్రోలిమస్, మైకోఫినోలేట్, ప్రెడ్నిసోలోన్ వంటి మందులు. ఆ కిడ్నీ పనిచేసినన్నాళ్ళూ వీటిని డాక్టరు చెప్పినట్టు వాడవలసిందే. ఇది ఇంటి కాపలావాడికి మత్తు ఇవ్వడం లాంటిది. వాడు కిడ్నీ జోలికి పోడు గాని, దొంగ దూరినా చప్పున లేవడు. బాక్టీరియా అటువంటి దొంగ.

మొదటి నెలలో కుట్ల దగ్గర, మూత్రపు గొట్టం వల్ల, ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ రావచ్చు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఆ తరువాత కూడా తరచు వస్తుంది. మన దేశంలో క్షయ భయమూ ఉంది. చిక్కేమిటంటే, ఇటువంటి వారికి జబ్బు ముదిరినా జ్వరం గట్టిగా కాయకపోవచ్చు. 100 డిగ్రీలు చూసి మనం "వేడి చేసిందిలే" అంటాం. లోపల సూక్ష్మజీవులు రక్తంలోకి పాకుతూ ఉండవచ్చు.

అప్పుడు మనం పరుగెత్తేది ఎక్కడికి? మెడికల్ షాపుకు! అదే ప్రమాదం. క్లారిథ్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రక్తంలో టాక్రోలిమస్‌ను పెంచి కిడ్నీకే చేటు చేయగలదు. క్షయకు వాడే రిఫాంపిసిన్ దాన్ని బాగా తగ్గించేస్తుంది, అప్పుడు శరీరం కిడ్నీని తిరస్కరించవచ్చు. కొన్ని నొప్పి మాత్రలూ కిడ్నీకి హానే. ఏ మందు, ఎంత మోతాదు అన్నది మార్పిడి చేసిన డాక్టరే తేల్చాలి.

కాబట్టి జ్వరం, చలి, మూత్రంలో మంట, ఆయాసం, కుట్ల దగ్గర చీము కనబడితే తెల్లవారే దాకా ఆగకండి. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి.

ఇక పలకరింపు. రోగిని చూడబోవడం మంచిదే. కాని జలుబు, దగ్గు ఉన్నవారు ఫోనులో పలకరించండి. చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళండి. పదిమందిగా గదిలో కూర్చోకండి.

ఒక తల్లి తన కిడ్నీ ఇచ్చి బిడ్డను బతికించుకుంటుంది. ఆ త్యాగం మన అశ్రద్ధ వల్ల వృథా కాకూడదని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.