మంద్రస్వరపు తొలిపలుకులు: చార్లెస్ మింగస్ పూర్వధ్వనిముద్రణలు

ఎవరి స్మృత్యర్థము ఈ యుపన్యాసము ఏర్పాటైనదో ఆ మహాశయులు గ్రామఫోను రికార్డును గ్రంథముతో సమానముగా నాదరించిన రసికులు గనుక, అమెరికాదేశపు జాజ్ విద్వాంసుడు చార్లెస్ మింగస్ 1945 మొదలు 1949 వరకు ఇచ్చిన ధ్వనిముద్రణలను ఏర్చి కూర్చి, ఆయన గతించిన సుమారు రెండు దశాబ్దములకు అప్‌టౌన్ రికార్డ్స్ సంస్థ వెలువరించిన సంపుటమును గూర్చి ముచ్చటించుట ఈ సందర్భమున ఉచితమని తలచితిని.

మింగస్ చేపట్టిన వాద్యము డబుల్ బేస్. నిలువెత్తు దేహముగల ఈ తంత్రీవాద్యమును జాజ్ మేళములలో కమానుతో కంటె వ్రేళ్లతో మీటుటయే పరిపాటి. మేళమునకు అడుగున ఆధారస్వరమును నిలిపి, లయకు నడక చూపుటయే చిరకాలము దాని విధియై యుండెను. దానికిని సొంతముగ చెప్పదగిన మాట గలదని 1940 ప్రాంతమున డ్యూక్ ఎలింగ్టన్ మేళమునందు నిరూపించిన జిమ్మీ బ్లాంటన్, 1942లో ఇరువదిమూడేండ్ల ప్రాయమున క్షయవ్యాధిచే నస్తమించెను. ఆ మార్గమున తరువాత నడచినవారిలో మింగస్ అగ్రగణ్యుడు.

ఆయన 1922 ఏప్రిల్ 22న ఆరిజోనా రాష్ట్రములోని నొగాలెస్‌లో జన్మించి, లాస్ ఏంజిలిస్ నగరపు వాట్స్ పేటలో పెరిగెను. బాల్యమున చెల్లో నభ్యసించినను, నల్లజాతి యువకునకు ఆనాటి సింఫనీ వాద్యబృందములలో స్థానము దుర్లభమైయుండుటచే బేస్‌ను చేపట్టి, మొదట రెడ్ కాలెండర్ వద్దను, పిమ్మట న్యూయార్క్ ఫిల్‌హార్మొనిక్‌లో పూర్వము వాయించిన హెర్మన్ రైన్‌షాగెన్ వద్దను శిక్షణ పొందెను. జాజ్ వారి పట్టును, సింఫనీ వారి క్రమశిక్షణను ఒకే చేతిలో నిలిపిన ఈ ద్వివిధాభ్యాసమే తొలి రికార్డులందు అడుగడుగున వినవచ్చును.

ఆ రికార్డుల పుట్టుక సామాన్యమైనది కాదు. నల్లజాతి సంగీతమునకు లాస్ ఏంజిలిస్‌లోని సెంట్రల్ ఎవెన్యూ ఆటపట్టుగా నున్న ఆ కాలమున, ఎక్సెల్సియర్, డాల్ఫిన్స్ ఆఫ్ హాలీవుడ్ వంటి చిన్న సంస్థలు నిమిషమునకు 78 చుట్లు తిరుగు లక్కపలకలపై, ప్రక్కకు మూడేసి నిమిషముల చొప్పున, వీనిని ముద్రించినవి. పెద్ద సంస్థలకుండు పంపిణీ వీనికి లేకపోవుటచే ఆ పలకలు విరళములై పోయినవి. పలకలమీది పేరును చూడుడు: జాజ్ మేళనాయకులలో ఎలింగ్టన్ ‘డ్యూక్’, బేసీ ‘కౌంట్’ ఐన లోకమున ఈ యువకుడు తన్ను ‘బేరన్ మింగస్’ అని ప్రకటించుకొనెను, ఒక మేళమునకైతే ‘సింఫనిక్ ఎయిర్స్’ అని నామకరణము చేసెను. ఇది యౌవనగర్వము మాత్రమే కాదు; తాను వాద్యకారుడను గాక రచయితనని లోకమునకు చాటిన ప్రతిజ్ఞ యని నా అభిప్రాయము.

ఇటువంటి సంపుటము పనివాని చేతిలో పడిన తాళపత్రపరిష్కరణము వంటిది: చెదరిన ప్రతులను వెదకి, తేదీలను నిర్ణయించి, వరుసను నెలకొల్పినంతనే రచయిత రూపము తేటపడును. వరుసగ వినునపుడు బూగీ అను నృత్యలయ, గాయకుని విరహగీతము, పెద్ద మేళపు ప్రయోగము ఒకదానికొకటి పొంతనలేనివిగ తోచినను, అన్నింటి అడుగున ఒకే మనస్సు కదలాడుట తెలియవచ్చును. ‘వియర్డ్ నైట్‌మేర్’ అను పాటలో గాత్రము కంటె దాని వెనుక నిలువక కదలు స్వరసంగతులే నన్ను ఎక్కువ కాలము వెంటాడినవి. ఈ దశకే చెందిన ‘మింగస్ ఫింగర్స్’ను 1947లో లయొనెల్ హాంప్టన్ మేళము డెక్కా సంస్థకై ముద్రించినది, ఇతరుని మేళములో బేస్‌వాద్యకారుడు తన రచనను, తన వాద్యమును ముందుకు తెచ్చుకొనుట ఆనాడు చిన్న విజయము కాదు.

ఈ రచనలను బాల్యచేష్టలని విమర్శకులలో కొందరు ప్రక్కకు నెట్టవచ్చును గాని, మింగస్ అట్లు తలచలేదు. ‘బర్డ్’ అను ముద్దుపేరుగల చార్లీ పార్కర్‌ను వినుటకు పూర్వము తాను రచించినవానిని 1960లో ‘ప్రీ-బర్డ్’ అను పేర ఒక ఆల్బముగ ముద్రించినపుడు ‘వియర్డ్ నైట్‌మేర్’ను అందు మరల నిలిపెను. 1979 జనవరి 5న మెక్సికోలో ఆయన మరణింపగ, చితాభస్మమును భార్య సూ మన గంగలో కలిపినది.

తొలినాటి రచనలన్నియు ఈ సంపుటమున నున్నవని భ్రమపడరాదు. పదునేడేండ్ల ప్రాయమున, 1939లో, ఆయన రచించిన ‘ది చిల్ ఆఫ్ డెత్’ రసికుల చేతికందినది 1972లో ‘లెట్ మై చిల్డ్రన్ హియర్ మ్యూజిక్’ ఆల్బముతో. అందలి వచనమును యాభైయవ ఏటికి చేరువైన మింగసే స్వయముగ చదివెను. సంపుటమును వినువారు ఆ ఆల్బమును చెంతనే ఉంచుకొని వినవలెనని నా కోరిక.