తెరపై వ్రాయు అధికారము ఎవరిది?
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయమున పుస్తకము తెరువనివారుందురు గాని, వాకిటి ప్రకటనల బల్లను చూడనివారుండరు. పింఛను దినము, పశువైద్యుని రాక, కరెంటు కోత, పెండ్లి, చావు, అన్నియు ఆ బల్లమీదనే ఊరికి తెలియును. బల్లమీది మాటను ఊరు నమ్మును. వ్రాసినది ఫలానావాడని యెవరును విచారింపరు. "గ్రంథాలయమువారు వ్రాసిరి" అనియే యందురు. తప్పు ఒకనిది, మాట అందరిది.

ఇప్పుడు నల్లబల్లల స్థానమున డిజిటల్ తెరలు వచ్చుచున్నవి. రైలు స్టేషనులయందును, ఆస్పత్రులయందును, తిరుమల కొండమీదను వీనిని అందరును చూచియే యున్నారు. నల్లబల్లమీద వ్రాయువాడు బల్లయెదుట నిలువవలెను. నలుగురు వానిని చూతురు. తెరమీద వ్రాయువాడు ఎక్కడనో కంప్యూటరు ముందు కూర్చుండును. అతడు సాఫ్ట్‌వేరులో నొక మీట నొక్కినచో నూరు తెరలపై ఒక్కమారుగా అక్షరములు వెలుగును. కావున ఎవరు వ్రాయవచ్చును, ఎవరు దిద్దవచ్చును, ఎవరు తుడిచివేయవచ్చును అను నిర్ణయము ముందుగా జరుగవలెను.

ఈ చింత మన సీమకు క్రొత్తది గాదు. తిరుమల, తిరుపతి ఆలయముల గోడలపై వందలకొలది శాసనములున్నవి. అందు ఎక్కువ భాగము అరవమునను, కొన్ని తెలుగునను, కన్నడమునను గలవు. దాత యిచ్చిన ద్రవ్యమెంత, దానితో ఏ గ్రామమున చెరువు కాలువలు బాగుచేయవలెను, ఆ పంటతో స్వామికి ఏ నైవేద్యము జరుగవలెను, ప్రసాదమున దాతకు వచ్చు పాలెంత అను వివరములన్నియు అందుండును. అక్షరమొకటి మారిన నొక కుటుంబము హక్కు పోవును.

అందువలన దానము రాజైనను చేయవచ్చును, వర్తకుడైనను చేయవచ్చును గాని, దాత తానే ఉలి పట్టుటకు వీలులేదు. ఆలయ వ్యవహారములకు స్థానత్తారు అను సంఘముండెను. అందు తిరుపతి శ్రీవైష్ణవులు, తిరుచానూరు సభవారు, నంబులు, జీయరులు, ఆలయ కరణములు చేరియుండిరి. విజయనగర కాలపు శాసనములు పెక్కింటి చివర, శ్రీవైష్ణవుల యానతిచొప్పున ఆలయ కరణమైన తిరునిన్రవూరుడైయాన్ వ్రాసినట్లు కనబడును. ఇచ్చువాడొకడు, ఆనతి యిచ్చువారు వేరు, వ్రాయువాడు వేరు. వ్రాసినవాని పేరు రాతిలోనే నిలిచెను. 1984లో రద్దగువరకు మన గ్రామములలోను శిస్తు వసూలు చేయుట మునసబు పని, లెక్క వ్రాయుట కరణము పని. ఒకే చేతిలో రెండును ఉండరాదనుటయే అందలి మర్మము.

డిజిటల్ తెరల సాఫ్ట్‌వేరునందలి పర్మిషన్లును ఈ నీతిమీదనే నిలిచియున్నవి. పనిచేయు ప్రతి మనుష్యునికి ఒక యూజరు పేరు, ఒక పాస్‌వర్డు ఉండవలెను. ఒకే పని చేయువారినందరను ఒక గ్రూపుగా కూర్చి, అధికారమును మనిషికి గాక గ్రూపునకు ఈయవలెను. గ్రూపునకు మనిషి పేరు పెట్టరాదు. "వ్రాయువారు", "ఒప్పుకొనువారు", "చూచువారు" అని పనిని బట్టి పెట్టవలెను. మనిషి బదిలీయైనచో గ్రూపునుండి తీసివేసిన చాలును. వచ్చినవానిని చేర్చిన చాలును. 2022 ఏప్రిల్ 4న చిత్తూరు జిల్లానుండి తిరుపతి వేరు జిల్లా యైనప్పుడు ఎన్ని కచేరీలు, ఎందరు ఉద్యోగులు మారిరో తలచుకొన్నచో ఈ నియమము విలువ తెలియును.

తరువాత చూచుట, దిద్దుట, తొలగించుట అను మూడధికారములను వేరువేరుగా పంచవలెను. బడిపిల్లల ప్రకటనలు వ్రాయువానికి ఆస్పత్రి తెరతో పనిలేదు. మొదట తక్కువ యిచ్చి, అవసరమునుబట్టి పెంచుట క్షేమము. ఇచ్చినదానిని మరల తీసికొనుట ఎంత కష్టమో సంసారులెల్లరకును తెలియును. ఇంకొక మెలిక యున్నది. పెక్కు సాఫ్ట్‌వేరులలో ఒకడు రెండు గ్రూపులలో నున్నచో రెంటి యధికారములును వానికి కలిసివచ్చును. పండుగకని ఒకనాటికి చేర్చి మరచిన పేరు ఏడాది తరువాత చేటు తెచ్చును.

అన్నింటికిని మించిన తప్పు, అడ్మిన్ పాస్‌వర్డు ఒక్కటే పదిమందికి చెప్పుట. అప్పుడు సాఫ్ట్‌వేరు వ్రాసికొను చిట్టాలో "అడ్మిన్ మార్చెను" అని మాత్రముండును. ఆ అడ్మిన్ ఎవరో దేవునికే యెరుక. 2022 ఏప్రిల్ మాసమున తిరుమలలో నొక పెద్ద తెరపై భక్తి కార్యక్రమములకు మారుగా సినిమా పాటలు వచ్చి భక్తులు నొచ్చుకొనిరి. 2023 మార్చి 19న పాట్నా రైలు స్టేషనులో తెరలపై కొన్ని నిమిషములు అశ్లీల దృశ్యములు కనబడెను. ఎక్కడ ఏ కారణమైనను, చూచినవారు తెర నడుపువానిని నిందింపలేదు, ఆ స్థలమును నిందించిరి.

అయితే కట్టుబాటు మరీ బిగిసినను కీడే. 2021 నవంబరులో కుండపోతగా వాన కురిసి తిరుపతి వీధులు ఏరులైనవి. కొండ చరియలు విరిగి ఘాటు రోడ్లు మూయవలసివచ్చెను. అట్టి రాత్రి "ఈ దారి మూసిరి" అను మాటకు ఆమోదము కోరుచు నిద్రించు అధికారిని వెదకుచుండిన, ప్రాణములు పోవును. కావున ముందుగానే ఒప్పించి సిద్ధపరచిన హెచ్చరికలను మాత్రము, రాత్రి కావలియున్నవాడే తెరపై నిలుపునట్లు వేరుగా నొక గ్రూపును చేయవలెను. వానికి క్రొత్త మాట వ్రాయు హక్కు అక్కరలేదు. ఆపదలో సిద్ధముగానున్న మాటను వెలిగించు హక్కు చాలును.

ఏర్పాటు ముగిసిన పిమ్మట అడ్మిన్‌గా చూచి తృప్తిపడరాదు, అడ్మిన్‌కు అన్నియు తెరచియే యుండును. సామాన్య యూజరు పేరుతో లోనికి పోయి, చేయరానిది చేయ ప్రయత్నించి చూడవలెను. తలుపు మూసినదో లేదో బయటనుండి త్రోసి చూచినగాని తెలియదు గదా!

ఈ గ్రంథాలయమువారును రేపో మాపో తెర కొందురు. కొనుటకు ముందే ఒక కాగితముపై వ్రాయువారెవరు, ఒప్పుకొనువారెవరు, ఆపదలో వెలిగించువారెవరు అని మూడు పట్టీలు వ్రాసి, కార్యవర్గము సంతకములు చేయుట మంచిది. ఏటేట ఉగాదికి ఆ పట్టీలను మరల చదివి, వెడలిపోయినవారి పేర్లు కొట్టివేయవలెను. ఇరువదియైదేండ్లుగా ఈ వాకిటి బల్లను నమ్మిన ఊరు రేపటి తెరనుగూడ అట్లే నమ్మునుగాక.