మీ ఇంటి పెద్దవారు ఎంతవరకు నడుస్తున్నారు?
(రోగుల కుటుంబ సభ్యులకు ఇచ్చిన ఆరోగ్య ప్రసంగం)



ఈరోజు మిమ్మల్ని ఒక్క ప్రశ్న అడుగుతాను. మీ ఇంట్లో పెద్దవారు నిన్న ఎక్కడెక్కడికి వెళ్ళారు? అమ్మకు బి.పి. ఎంత ఉందని అడిగితే చాలామంది చెప్పగలరు. ఆమె వీధిలోకి వెళ్ళి ఎన్నాళ్ళయిందని అడిగితే ఆలోచనలో పడతారు.

మనిషి రోజూ తిరిగే చోట్లను నాలుగుగా చెప్పుకోవచ్చు: మంచం, ఇల్లు, వీధి, ఊరు. నిన్నమొన్నటి వరకు బజారుకు, చర్చికి నడిచి వెళ్ళిన పెద్దాయన కొన్నాళ్ళకు వీధి చివరి టీ కొట్టుతో ఆగిపోతారు. తరువాత అరుగు వరకే. చివరికి మంచం నుండి బాత్‌రూమ్ వరకే. ఇది ఒక్కరోజులో జరగదు కాబట్టి మనం గమనించం. "వయసు మీద పడింది" అని సరిపెట్టుకుంటాం.

కానీ కారణం వయసు ఒక్కటే కాదు. నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తోందంటే గుండె, ఊపిరితిత్తులు, రక్తహీనత చూడాలి. నడిస్తే పిక్కలు పట్టేసి, నిలబడితే తగ్గుతుంటే కాళ్ళకు రక్తం సరిగా అందడం లేదేమో చూడాలి. షుగరు ఉన్నవారికి అరికాలిలో పుండు పడినా నొప్పి తెలియకపోవచ్చు. కంటిలో శుక్లాలు ఉన్నవారు సాయంత్రం బయటకు రావడానికి జంకుతారు. మూత్రం ఆగనివారు సిగ్గుతో ఇల్లు కదలరు. ఒకసారి పడినవారు మళ్ళీ పడతామేమోనని భయపడతారు. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. కనుక కోప్పడకుండా, "ఎందుకు రావడం లేదు?" అని ప్రేమగా అడగండి. వారు చెప్పింది డాక్టరుకు చెప్పండి.

అయితే ఉన్నట్టుండి ఒక కాలు, చేయి పడిపోయినా, మూతి వంకర పోయినా, మాట తడబడినా ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇక ప్రేమతో మనం చేసే పొరపాటు ఒకటుంది. ఆసుపత్రి నుండి ఇంటికి తీసుకువెళ్ళాక "నువ్వు కదలకు, అన్నీ మేము చూసుకుంటాం" అంటాం. 2007లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఆరోగ్యంగా ఉన్న పెద్దవారే 10 రోజులు మంచం మీద ఉంటే కాళ్ళలో దాదాపు ఒక కిలో కండ తగ్గిపోయింది. రోగితో ఉన్నవారి సంగతి చెప్పనవసరం లేదు. కదలకపోతే కీళ్ళు బిగుసుకుంటాయి, మలబద్ధకం వస్తుంది, వీపున పుండ్లు పడతాయి, కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది.

కాబట్టి ఇంటికి వెళ్ళేముందే డాక్టరును అడగండి: ఎప్పటినుండి నడిపించాలి? ఎంత దూరం? కర్ర కావాలా? వారు సరే అన్నాక ఇలా చేయండి:

* లేవగానే నిలబెట్టకండి. కాసేపు మంచం అంచున కూర్చోనివ్వండి.
* భోజనం మంచం దగ్గరకు తేకుండా, వారినే భోజనం దగ్గరకు తీసుకురండి.
* రాత్రి బాత్‌రూమ్ దారిలో చిన్న దీపం ఉంచండి. నేల తడి లేకుండా చూడండి. అరిగిన చెప్పులు మార్చండి.
* ఈ వారం అరుగు వరకు, వచ్చే వారం పక్కింటి వరకు, ఇలా కొంచెం కొంచెంగా పెంచండి. పక్కన ఒకరు ఉండండి.
* అసలు లేవలేనివారిని 2 గంటలకొకసారి ఒత్తిగిలించండి.

యోహాను సువార్త 5వ అధ్యాయంలో 38 ఏళ్ళుగా వ్యాధితో కోనేటి దగ్గర పడి ఉన్న ఒక మనిషిని చూస్తాం. తనను నీటిలోకి దించేవారు ఎవరూ లేరన్నదే అతని బాధ. ప్రభువు అతనిని లేపి నడిపించాడు. మీ ఇంటి పెద్దవారికి చేయి పట్టుకోవడానికి మీరున్నారు. ఈరోజు ఇంటికి వెళ్ళి, వారి చేయి పట్టుకుని నాలుగడుగులు వేయించండి.

దేవుడు మీ కుటుంబాలను దీవించును గాక.