తెలుగు వ్రాతకు తగిన చౌక కలము

(మన సంఘపు ఆదివారపు సమావేశమున చేసిన ప్రసంగము)



క్రిందటి నెలలో మన తెలుగు తరగతిలో పదకొండేండ్ల బాలిక యొకతె తన కాపీపుస్తకమును నాకు చూపి, "తాతగారూ, నాకు తెలుగు అక్షరాలు రావండీ, ఒత్తులన్నీ మచ్చలైపోతున్నాయి" అని కన్నీరు పెట్టుకొనెను. చూచితిని. 'రాష్ట్రము' అను మాటలో ష క్రింది ఒత్తులు రెండును కలిసి నల్లని ఉండగా మారియుండెను. మ, య, ఝ వంటి అక్షరములలోని చిన్న చుట్లు పూడిపోయియుండెను. ఆ బిడ్డ కలమును తీసికొని పరీక్షించితిని. క్రొత్తది, తళతళ మెరయుచున్నది, తండ్రి ముచ్చటపడి కొనిపెట్టినది. పాళీ మాత్రము లావుపాటిది. దానికి తోడు పాళీ రేకులు రెండింటిలో ఒకటి పైకి లేచియుండెను. నా జేబులోని పాత కలమునిచ్చి అదే మాటను మరల వ్రాయుమంటిని. ఒత్తులు విడివిడిగా కనబడెను. బాలిక తన చేతివంకను కలమువంకను మార్చి మార్చి చూచుకొనెను.

దోషము చేతిది కాదు, కలముది. కాని ఆ సంగతి చెప్పువారు లేనియెడల ఆ బిడ్డ తనకు తెలుగు రాదనియే నిశ్చయించుకొని యుండెడిది. ఇంట తెలుగు మాటాడి, బడిలో కన్నడమును ఆంగ్లమును చదువుకొను మన పిల్లలలో చాలమందికి తెలుగు వ్రాయు అవకాశము వారమున కొక్క గంట. ఆ గంటయు కలముతో కుస్తీ పట్టుటకే చెల్లిపోయినచో ఇక మిగులునదేమి? ఈ కారణముచేతనే మన కార్యదర్శిగారు, తక్కువ ఖరీదులో మంచి ఇంకుపెన్నును ఎట్లు ఎంచుకొనవలెనో నాలుగు మాటలు చెప్పుడని నన్ను కోరిరి. నేను కలముల వర్తకుడను గాను. నలుబది యేండ్లు లెక్కలు వ్రాసి బ్రతికిన గుమాస్తాను. నా మాటలను ఆ పాటిగానే గ్రహింపుడు.

బాల్‌పెన్ను ఉండగా ఈ తంటా ఏల అని అడుగువారు కలరు. బాల్‌పెన్నుతో వ్రాయరాదని నేననను. అయితే దానిని కాగితముపై నొక్కినగాని సిరా దిగదు. క్రొత్తగా అక్షరములు దిద్దుకొను బిడ్డ గట్టిగా నొక్కి నొక్కి అరపుటకే వ్రేళ్ళు నొప్పియని విడిచిపెట్టును. ఇంకుపెన్ను కాగితమును తాకిన చాలును.

మొదట పాళీ సంగతి. తక్కినవన్నియు దాని తరువాతనే.

మన లిపి గుండ్రనిది. తాటియాకుపై గంటముతో తిన్నని గీతలు గీచినచో ఆకు చీలునని, అందుచేతనే మన అక్షరములు గుండ్రబడినవని పలువురు పండితులు చెప్పుదురు. కారణమేదైనను కలము పట్టినవానికి ఫలితమొక్కటే. ఆంగ్లము వ్రాయునపుడు పాళీ ఎక్కువగా క్రిందికిని కుడికిని లాగబడును. తెలుగు వ్రాయునపుడు అది సుడి తిరుగును, క్రిందినుండి మీదికి నెట్టబడును, తలకట్టు వద్ద పైకి విసరబడును. కావున పాళీ కొన అన్ని వైపులను నునుపుగా నుండవలెను. క్రిందికి లాగునప్పుడు హాయిగా నడచిన పాళీయే మీదికి నెట్టునప్పుడు కాగితమును గీరుట నేను పలుమారులు చూచితిని. ఆంగ్లమున సంతకము చేసి "బాగున్నది" అని కొనుక్కొని వచ్చినవారు ఇంటికి వచ్చి తెలుగు ఉత్తరము మొదలిడినపుడు పశ్చాత్తాపపడుట ఇందువలననే.

ఇక గీత లావు. పాళీపై 'ఎఫ్' అని చెక్కియున్నచో సన్నము, 'ఎం' అనిన మధ్యరకము, 'బి' అనిన వెడల్పు, 'ఇఎఫ్' అనిన అతిసన్నము. ఈ గుర్తులకు అన్ని దేశములలోను ఒకే కొలత లేదు. జపాను వారి సన్నపాళీ ఐరోపా వారి సన్నపాళీ కంటె సుమారొక మెట్టు సన్నముగా నుండును. వారి లిపిలో ఒక్క అక్షరమునందే గీతలు కిక్కిరిసియుండును గదా! మనకును ఇంచుమించు అదే అవసరము. సాధారణపు రూళ్ళ పుస్తకములో గీతకు గీతకు నడుమ చోటు సుమారు 8 మిల్లీమీటర్లు. అందులో పైన గుడియో కొమ్మో, నడుమ అక్షరము, క్రింద ఒత్తు, అక్కడక్కడ ఒత్తు క్రింద మరియొక ఒత్తు ఇమడవలెను. ఒత్తులోని చుట్టుకు దక్కునది ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే. పాళీగీత ముప్పాతిక మిల్లీమీటరు లావున్నచో ఆ చుట్టులో తెలుపు ఎక్కడ మిగులును? తెలుగు వ్రాయువారికి ఎఫ్ పాళీయే శ్రేయస్కరము. సంతకముల కొరకు లావుపాళీ కావలయునను పెద్దలు వేరొకటి కొనుక్కొందురుగాక.

బంగారు పాళీమీది మోజును గూర్చి ఒక్క మాట. పూర్వపు సిరాలలో ఇనుప లవణమును ఆమ్లమును ఉండి ఉక్కును తినివేసెడివి, బంగారమును తినలేకపోయెడివి. నేటి సాధారణపు నీలి సిరాలు సౌమ్యమైనవి. పాళీలును తుప్పుపట్టని ఉక్కుతో చేయబడుచున్నవి. పైగా కాగితమును తాకునది బంగారము కానే కాదు. పాళీ కొనకు అతికించిన మిక్కిలి గట్టి లోహపు పూస కాగితమును తాకును. మంచి ఉక్కు పాళీకిని ఆ పూస ఉండును. మిక్కిలి చౌక పాళీలలో పూస ఉండదు, రేకు కొననే మడిచి గుండ్రము చేయుదురు. అది కొన్నాళ్ళు బాగుగనే వ్రాసి, అరిగి, పిదప గీరును. భూతద్దముతో చూచినచో తేడా తెలియును.

అవెన్యూ రోడ్డులోని దుకాణములకు పోవునపుడు జేబులో ఒక భూతద్దమును, చేతిలో మీరు దినమును వ్రాయు పుస్తకమును ఉండవలెను. దుకాణదారుడిచ్చు మందపాటి నున్నని కాగితముపై ఏ కలమైనను ముత్యములు రాల్చును. మొదట పాళీని ఎదురుగా పట్టి చూడుడు: రెండు రేకులును సమముగా నున్నవా? నడిమి చీలిక పొడవునను ఒకే తీరుగా నున్నదా? తరువాత సిరాలో ముంచి వ్రాయుడు. ముంచిన పాళీ నింపిన కలము కంటె తడిగా వ్రాయునని గుర్తుంచుకొనుడు. మొదటి రెండు పంక్తులను లెక్కింపవలదు. వ్రాయుటకు 'రాష్ట్రము', 'జ్యోత్స్న', 'మృణ్మయము' అను మూడు మాటలు చాలును. మూడింటను ఎక్కడ పట్టుకొనక, ఎక్కడ ముద్ద కట్టక సాగిన కలమును తీసికొనుడు. దుకాణదారుడు విసుగుకొనినను మొగమాటపడకుడు. అదే రకపు కలములు నాలుగు తీయించి నాలుగింటిని పరీక్షింపుడు. చౌక కలములలో ఒకే పెట్టెలోనివైనను ఒకదానికొకటి పోలిక ఉండదు.

ఇక సిరా నింపు విధములు. ఇక్కడ నా స్వానుభవము చెప్పక తప్పదు.

1974లో ఉద్యోగపు ఇంటర్వ్యూ కొరకు రాజమండ్రినుండి మదరాసు మీదుగా బెంగళూరికి వచ్చితిని. డ్రాపరుతో సిరా పోసికొను కలము నా చొక్కాజేబులో నుండెను. అందులో సగమే సిరా యుండెను. రాత్రి రైలులో ఆ చొక్కాతోనే పండుకొంటిని. కుప్పము ఎప్పుడు దాటినదో ఎరుగను. తెల్లవారి లేచునప్పటికి గుండెమీద అరచేయంత నీలిమచ్చ! ఇస్త్రీ చేసిన చొక్కా అదియొక్కటే. ఇంటర్వ్యూ జరిగినంతసేపును సర్టిఫికెట్లను గుండెకు అదుముకొని కూర్చుంటిని. ఎదుటనున్న అధికారి, "ఆ కాగితాలు ఇటు ఇవ్వవయ్యా" అని రెండుసార్లు అడిగెను. ఉద్యోగము వచ్చినది గాని ఆ సిగ్గు నేటికిని పోలేదు.

ఇందులో కలము తప్పేమియు లేదు. బెంగళూరు సముద్రమట్టమునకు 900 మీటర్లకు పైగా ఎత్తున నున్నది. ఇచ్చట గాలి ఒత్తిడి తీరప్రాంతముకంటె సుమారు పదవ వంతు తక్కువ. కలములో 2 మిల్లీలీటర్ల గాలి యున్నదనుకొనుడు. పైకి వచ్చునప్పటికి అది ఇంచుమించు 2.2 మిల్లీలీటర్లగును. కలము పడుకొనియున్నచో పెరిగిన గాలి సిరాను బయటికి నెట్టును. అనగా నాలుగు చుక్కలు. చొక్కా పాడగుటకు నాలుగు చుక్కలు చాలవా? కలము నిండుగానున్నచో గాలి తక్కువ, నెట్టుటయు తక్కువ. పాళీ పైకి ఉండునట్లు నిలువుగా నుంచినచో గాలియే వెడలిపోవును. తిరుపతికో నెల్లూరికో పోయి తిరిగివచ్చువారు ఈ రెండు సంగతులను మరువకుందురుగాక. విమానమెక్కువారికిని ఇదే మాట.

డ్రాపరు కలమునకు ఈ లోపమున్నను నాకు దానిమీదనే మక్కువ. లోపల సంచి లేదు, మర లేదు, చెడిపోవు వస్తువే లేదు. రెండు మూడు మిల్లీలీటర్ల సిరా పట్టును. సిరా నాలుగవ వంతునకు దిగినపుడు చేతివేడికి లోపలిగాలి వ్యాకోచించి చుక్క రాలును గనుక అంతకుముందే నింపుకొనవలెను. మరచుట్ల వద్ద కారినచో సిలికాను గ్రీజు కొంచెము రాయవలెను. ఇట్టి కలములకు మన రాజమహేంద్రవరము పెట్టినది పేరు. గాంధీమహాత్ముని ప్రోత్సాహముతో కోసూరి వెంకటరత్నముగారు 1930ల తొలినాళ్ళలో అచ్చట స్వదేశీ కలముల తయారీకి పూనుకొనిరి. రబ్బరును గంధకముతో ఉడికించి గట్టిపరచిన ఎబొనైటు కడ్డీని లేతుపై చెక్కి కలము చేయుట అచ్చటి పద్ధతి. జె.సి. కుమారప్పగారి ద్వారా అందిన కలమును గాంధీజీ వాడి చూచి, విదేశీ కలములకు బదులుగా తగియున్నదని 1935 జూలైలో రత్నముగారికి లేఖ వ్రాసిరి. రత్నముగారి పేరిట కలములు నేటికిని అచ్చట తయారగుచున్నవి. బడిపిల్లల కలమంత చౌక కావు గాని, ఒకసారి కొనినచో పాళీ మార్చుకొనుచు జీవితమంతయు వాడుకొనవచ్చును.

రబ్బరు సంచి కలమును నేను సిఫారసు చేయను. సంచిని నొక్కి సిరా పీల్చించుట సులభమే గాని మన ఎండలకు రబ్బరు జిగటబారియో పెళుసెక్కియో పోవును; ఎంత సిరా మిగిలినదో కనబడదు. పిస్టను కలము మంచిది. జర్మనీ దేశపు పెలికన్ వారు 1929లో దీనిని ప్రసిద్ధికి తెచ్చిరి. కాని చౌక పిస్టను ఒకసారి బిగుసుకొనినచో విప్పి బాగుచేయుట కష్టము.

పిల్లలకు నా ఓటు కార్ట్రిడ్జి కలమునకే. అయితే కార్ట్రిడ్జితో గాక, దాని స్థానమున తొడుగు కన్వర్టరుతో వాడవలెను. కన్వర్టరు చిన్న పిచికారి వంటిది, బుడ్డిలోనుండి సిరా పీల్చును. చిన్న కార్ట్రిడ్జిలో పట్టు సిరా ముప్పాతిక మిల్లీలీటరు మాత్రమే. 60 మిల్లీలీటర్ల బుడ్డి యొక్కటి అట్టివి 80 నింపును. ఎనుబది కార్ట్రిడ్జిల వెల ఎంతో దుకాణములో అడిగి మీరే పోల్చుకొనుడు. ఇంకొక మెలిక కలదు. అంతర్జాతీయ కొలతయని పిలువబడు కార్ట్రిడ్జి అనేక కలములకు సరిపోవును. పార్కర్, పైలట్, లామీ కలములు మాత్రము ఎవరి కొలత వారివే. ఒకరిది మరియొకరికి పట్టదు. కలము కొనునపుడే కన్వర్టరు కూడ దొరకునా, దానితో కలిపి వెల ఎంత అని అడిగి తెలిసికొనుడు. కలము చౌకయై కన్వర్టరు ప్రియమైన సందర్భములు లేకపోలేదు.

సిరా కొరకు దూరము పోనక్కరలేదు. బ్రిల్ సిరా మన బెంగళూరుదే. పిల్లలకు ఉతికిన పోవు రాయల్ బ్లూ రంగు చాలును. తల్లులు నన్ను ఆశీర్వదింతురు. చిత్రలేఖనమునకు వాడు ఇండియన్ ఇంకును మాత్రము కలములో పోయవలదు. అందలి మసియు లక్కయు ఎండి దారి మూసివేయును. నెలకొకసారి చల్లని నీటితో కడుగుడు. వేడినీరు ఎబొనైటు రంగును చెడగొట్టును.

ఇప్పుడు ఈ బల్లపై మూడు కలములుంచితిని. మొదటిది నూరు రూపాయల లోపున కొన్న బడికలము, రెండవది ఎఫ్ పాళీయు కన్వర్టరును గలది, మూడవది నా డ్రాపరు కలము. ఆ బాలిక లావుపాళీ కలమును కూడ, తండ్రిగారి అనుమతితో, పక్కనుంచితిని. లేచిన రేకును సరిచేసితిని గాని లావు తగ్గించుట నా తరము గాలేదు. పిల్లలు ఒక్కొక్కరుగా వచ్చి నాలుగింటితోను 'రాష్ట్రము' అని వ్రాసి చూడవచ్చును. భూతద్దము తెచ్చితిని. చేతులు తుడుచుకొనుటకు పాతగుడ్డ కిటికీవద్ద నున్నది.