సూరత్‌లో తెలుగు పంతుళ్లు

మరమగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వలసవెళ్లిన పద్మశాలి కుటుంబాలు సూరత్‌లో, ముఖ్యంగా లింబాయత్ వైపు, స్థిరపడ్డాయి. వాళ్ల పిల్లల కోసం అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు నడుపుతోంది. గుజరాత్ గడ్డమీద అఆలు దిద్దించడమంటే చిన్న సంగతా!

అక్కడి పంతులుగారికి ఆదివారం చూడటానికి ఊరినిండా చరిత్రే. తాపీ నది ఒడ్డున 16వ శతాబ్దపు కోట; బాగుచేసి మ్యూజియంగా తెరిచారు. కతార్‌గామ్ దర్వాజా దగ్గర డచ్చివారి సమాధులున్నాయి. వాటిలో గుమ్మటంతో మేడలా కనిపించేది 1691లో మరణించిన డచ్చి అధికారి వాన్ రీడ్‌ది. మలబారు మొక్కలపై 12 సంపుటాల గ్రంథం రాయించింది ఆయనే. డుమాస్ సముద్రతీరానికి పేరెక్కువ, నా ఓటు మాత్రం ఈ సమాధులకే. చీరల బేరానికి సూరత్ వెళ్లేవారు ఒక పూట వీటికీ కేటాయించండి.