గోదావరిఖని బొగ్గు, కాకినాడ గుల్ల

బొగ్గు నేల మీద చదువు ముగించుకొని నేడు పట్టాలు అందుకుంటున్న విద్యార్థులకు సముద్రం దూరపు సంగతిగా తోచడం సహజమే. రామగుండం, గోదావరిఖని ప్రాంతపు బతుకు బాయి చుట్టూ, షిఫ్టు సైరన్ చుట్టూ, పవర్‌హౌస్ పొగగొట్టాల చుట్టూ తిరుగుతుంది. ఎక్కడో తీరంలో గుల్ల పలచబడిందో, ఆల్చిప్ప పిల్లదశలోనే చచ్చిందో ఇక్కడ పట్టించుకోవలసిన అవసరం ఇంతకాలం ఎవరికీ రాలేదు. అయితే ఈ నేలకూ, కాకినాడ అఖాతపు బురదలో సగం కూరుకొని బతికే ఆ ప్రాణులకూ నడుమ రెండు దారులున్నాయి. ఒకటి గాలి, రెండవది గోదావరి. ఇక్కడ తవ్వి కాల్చిన కర్బనం ఆ దారుల్లో ఎంత దూరం పోతుందో, పోయిన చోట ఏం చేస్తుందో లెక్కగట్టడం గనుల, రసాయన, విద్యుత్ శాస్త్రాలు చదివినవారి వృత్తిలో భాగమేనన్నది ఈ ప్రసంగపు వాదన.

భూగర్భ గనిలో అడుగుపెట్టిన ప్రతివారికీ స్టోన్ డస్ట్ తెలుసు. బొగ్గుపొడి గాలిలోకి లేచి, నిప్పు తగిలి పేలకుండా గ్యాలరీల నేల మీద, గోడల మీద, పైకప్పు మీద చల్లే ఆ తెల్లని పొడి సాధారణంగా సున్నపురాయిని మెత్తగా నూరగా వచ్చినదే. దాని రసాయన నామం కాల్షియం కార్బొనేట్. గవ్వ, శంఖం, ఆల్చిప్ప, ముత్యం, పగడం కూడా ప్రధానంగా ఆ పదార్థమే. స్ఫటికపు అమరికను బట్టి దాని రూపాలను కాల్సైట్ అనీ, అరగొనైట్ అనీ పిలుస్తారు, వీటిలో అరగొనైట్ నీటిలో కొంత తేలికగా కరుగుతుంది. క్షేత్రపర్యటనకు వెళ్లిన భూగర్భశాస్త్ర విద్యార్థి చేతిలోని రాయి సున్నపురాయి అవునో కాదో తేల్చుకోవడానికి దాని మీద పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తాడు. రాయి బుసబుస పొంగితే అవునన్నమాట. ఆ పొంగులో లేచే వాయువు కార్బన్ డయాక్సైడ్. సముద్రంలో జరుగుతున్నది ఇంత నాటకీయంగా ఉండదు గాని, ఆమ్లానికీ ఈ పదార్థానికీ ఉన్న వైరం మాత్రం అక్కడా అదే.

పన్నెండు కిలోల కర్బనం పూర్తిగా కాలితే నలభై నాలుగు కిలోల కార్బన్ డయాక్సైడ్ పుడుతుందని పరమాణు భారాలే చెబుతాయి. మన దేశపు బొగ్గు కేంద్రాలలో ఒక యూనిట్ కరెంటు తయారీకి వెలువడే ఈ వాయువు సుమారు ఒక కిలో. 1889లో ఇల్లందులో తవ్వకం మొదలైన సింగరేణి 2023-24 ఆర్థిక సంవత్సరంలో ఏడు కోట్ల టన్నుల బొగ్గు తీసింది; దానిలో అధికభాగం బాయిలర్లకే చేరుతుంది. ప్రపంచమంతటా ఇలా వెలువడే వాయువులో దాదాపు నాలుగో వంతును సముద్రాలు పీల్చుకుంటున్నాయి. ఆ మేరకు భూమి వేడెక్కడం తగ్గింది గనుక ఇది చాలాకాలం మేలుగానే కనిపించింది. కాని నీటిలో కరిగిన వాయువు కార్బోనిక్ ఆమ్లమై, హైడ్రోజన్ అయాన్లను విడుదల చేస్తుంది. అవి నీటిలోని కార్బొనేట్ అయాన్లతో కలిసి వాటిని బైకార్బొనేట్‌గా మారుస్తాయి. ఆమ్లత్వాన్ని కొలిచే పీహెచ్ అనే కొలమానంలో అంకె తగ్గితే ఆమ్లత్వం పెరిగినట్టు. పారిశ్రామిక యుగానికి ముందు సుమారు 8.2గా ఉన్న సముద్ర ఉపరితలపు పీహెచ్ నేడు దాదాపు 8.1కి దిగింది. ఈ కొలమానంలో ఒక అంకె తేడా పదిరెట్ల తేడా గనుక, చూపుకు ఆనని ఈ దశాంశం వెనుక హైడ్రోజన్ అయాన్లు సుమారు 30 శాతం పెరిగాయి. సముద్రం ఇప్పటికీ క్షారమే. అది ఆమ్లం వైపు జరుగుతున్న వేగమే ఆందోళనకరం.

గుల్ల తన ఇంటిని ఎలా కట్టుకుంటుందో దగ్గరగా చూస్తే ఈ జరుగుడు ఎందుకంత భారమో అర్థమవుతుంది. మెత్తని శరీరాన్ని కప్పిన పలుచని పొరకూ, చిప్ప లోపలి అంచుకూ నడుమ కంటికి కనిపించనంత సన్నని సందు ఉంటుంది; ఆ సందులోని ద్రవంలోకి కాల్షియాన్నీ బైకార్బొనేట్‌నూ తెచ్చిపోసి, ముందుగా అల్లుకున్న ప్రోటీన్ చట్రం మీద స్ఫటికాలను ఒక్కొక్క వరుసగా పేర్చడమే చిప్ప కట్టడం. బైకార్బొనేట్ కాల్షియం కార్బొనేట్‌గా మారిన ప్రతిసారీ ఒక హైడ్రోజన్ అయాన్ మిగిలిపోతుంది, దాన్ని ఎప్పటికప్పుడు బయటికి తోడెయ్యకపోతే సందులోని ద్రవం ఆమ్లమై కట్టుడు ఆగిపోతుంది. బయటి నీటిలో ఆ అయాన్లు తక్కువగా ఉన్నంతకాలం తోడివేత సులువు. అవి పెరిగిన కొద్దీ ఎదురుఒత్తిడి పెరిగి, అదే పనికి ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. బాయిలో ఊట నీటిని పంపులతో పైకి తోడినట్టే ఇదీ ఎడతెగని పని. ఆ అదనపు శక్తి తిండి నుంచే రావాలి గనుక ఎదుగుదలకో, గుడ్లు పెట్టడానికో, రోగాన్ని తట్టుకోవడానికో కేటాయించవలసిన భాగంలో కోత పడుతుంది. చిప్ప కరిగిపోవడం కన్నా ముందు జరిగేది ఈ కోతే.

పెద్ద గుల్ల ఆకలిని ఓర్చుకుంటుంది, పిల్ల ఓర్చుకోలేదు. గుడ్డు ఫలించిన రెండు రోజుల్లోపే ఆల్చిప్ప పిల్ల తన తొలి చిప్పను కట్టుకోవాలి, అదీ గుడ్డులో తల్లి పెట్టిపంపిన కొద్దిపాటి కొవ్వునే ఖర్చు చేసి. సందును బయటి నీటి నుంచి కాపాడుకునే నేర్పు ఆ వయసులో దానికి ఇంకా అబ్బదు. అమెరికాలో ఒరెగాన్ తీరపు నెటార్ట్స్ ఖాతంలోని విస్కీ క్రీక్ హేచరీలో 2007, 2008 సంవత్సరాల్లో కోట్లాది ఆల్చిప్ప పిల్లలు చనిపోయినప్పుడు ముందుగా బాక్టీరియాను అనుమానించారు. ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుల పరిశీలనలో అసలు కారణం లోతుల నుంచి పైకి తన్నుకొచ్చిన, కార్బన్ డయాక్సైడ్ నిండిన నీరని తేలింది. తొట్లలోకి తీసుకునే నీటిని అనుక్షణం కొలుస్తూ, సోడా కలిపి సరిచేయడంతో ఆ హేచరీ నిలదొక్కుకుంది. తొట్టిలో సాధ్యమైన ఆ పని ఖాతంలో సాధ్యం కాదు.

వేడి సంగతి మరికొంత చిక్కైనది. భూమి అదనంగా మూటగట్టుకున్న వేడిలో పదింట తొమ్మిది వంతులకు పైగా సముద్రంలోనే చేరింది. గోరువెచ్చని నీటిలో వాయువు తక్కువ కరుగుతుంది, స్ఫటికాలు త్వరగా ఏర్పడతాయి. ఈ లెక్కన ఉష్ణమండలపు గుల్లలకు కొంత మేలే జరగాలి. అయితే ప్రాణవాయువు కూడా వెచ్చని నీటిలో తక్కువే కరుగుతుంది, శరీరపు ఖర్చు మాత్రం ఉష్ణోగ్రతతో పాటు పెరుగుతుంది. పైగా మన తీరంలోని ప్రాణులు ఇప్పటికే తాము ఓర్చుకోగల వేడికి చేరువలో బతుకుతున్నాయి. 2021 జూన్ చివర కెనడా పశ్చిమ తీరాన్ని వేడిగాలులు చుట్టుముట్టినప్పుడు, ఆటుపోట్ల నడుమ రాళ్లను అంటిపెట్టుకున్న ఆల్చిప్పల వంటి జీవులు వంద కోట్లకు మించి చచ్చి ఉంటాయని అక్కడి శాస్త్రజ్ఞులు అంచనా కట్టారు. అన్ని ప్రాణులూ ఒక్క తీరుగా దెబ్బతింటాయనుకోవడమూ పొరపాటే. అమెరికాలోని వుడ్స్ హోల్ సంస్థలో జరిగి 2009లో వెలువడిన ప్రయోగంలో 18 జాతులను పరీక్షించగా, ఎక్కువ జాతుల్లో చిప్పకట్టుడు మందగించినా, పీత, రొయ్య వంటివి మరింత బరువైన పెంకు కట్టాయి. ఆ బరువుకు అవి వేరే ఏ అవసరాన్ని తగ్గించుకున్నాయన్నదే అడగవలసిన ప్రశ్న.

ఇక మన తీరం. విశాఖపట్నంలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రానికి చెందిన వి.వి.ఎస్.ఎస్. శర్మ బృందం 1991లోనూ, తిరిగి 2011లోనూ తూర్పుతీరం వెంబడి తీసిన కొలతలను పోల్చి 2015లో ప్రచురించింది. తీరపు దక్షిణ భాగంలో మార్పు ప్రపంచపు సగటుకు దగ్గరగా ఉండగా, వాయవ్య బంగాళాఖాతంలో ఆమ్లత్వం అంతకు కొన్ని రెట్లు వేగంగా పెరిగింది. అందుకు వారు చూపిన కారణం కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే కాదు. నేల మీది నుంచి గాలి మోసుకొచ్చి సముద్రంలో రాల్చే గంధక, నత్రజని సమ్మేళనాలు కూడా. దీన్ని ఏ ఒక్క విద్యుత్ కేంద్రానికో అంటగట్టడం న్యాయం కాదు. కాని బొగ్గులోని గంధకమూ ఆ సమ్మేళనాలకు ఒక మూలమన్నది తోసిపుచ్చలేని మాట. పొగలోని గంధకాన్ని సున్నపురాయి ముద్దతో పట్టి జిప్సంగా మార్చే ఎఫ్‌జీడీ యంత్రాలు అమర్చాలని 2015 నాటి నిబంధనలు కోరాయి. 2025 జులైలో కేంద్ర ప్రభుత్వం చాలా కేంద్రాలకు ఆ షరతు నుంచి మినహాయింపునిచ్చింది. మినహాయింపుకు గీటురాయి పెద్ద నగరాలకూ, కాలుష్యం మితిమీరిన ప్రాంతాలకూ పది కిలోమీటర్ల దూరం. గాలి పది కిలోమీటర్ల దగ్గర ఆగుతుందని ఏ వాతావరణ శాస్త్ర గ్రంథమూ చెప్పదు.

రెండవ దారి నది. ఎల్లంపల్లి జలాశయం దాటిన గోదావరి మంథని, కాళేశ్వరం, భద్రాచలం మీదుగా ధవళేశ్వరం చేరి, పాయలుగా చీలి కడలిలో కలుస్తుంది. వానాకాలంలో ఆ మంచినీరు తీరపు ఉప్పునీటిని పలచన చేసి, ఆమ్లాన్ని తట్టుకునే దాని క్షారగుణాన్ని తగ్గిస్తుంది. వరదతో కొట్టుకొచ్చిన చెత్తా చెదారం కుళ్లి మరింత కార్బన్ డయాక్సైడ్‌ను పుట్టిస్తుంది. వరద రోజుల్లో గోదావరి ముఖద్వారం ఆ వాయువును పెద్దఎత్తున గాలిలోకి వదులుతుందని శర్మ బృందమే 2011లో చూపింది. హోప్ ఐలాండ్ ఇసుకదిబ్బ, కోరింగ మడ అడవి నడుమ ఒదిగిన కాకినాడ అఖాతంలోని గుల్లలు ఈ ఏటేటి పరీక్షకు అలవాటుపడినవే. వాటిలో నెత్తురు ఎర్రగా ఉండే గీతల గుల్ల ఒకటి, అవతలి వెలుతురు కనిపించేంత పలుచని చిప్ప గల బల్లపరుపు ఆల్చిప్ప మరొకటి. తరాలుగా తీరవాసులు వీటిని కూటికీ, కాల్చి సున్నానికీ ఏరుకుంటున్నారు. సముద్రం ఆమ్లం వైపు జరిగిన కొద్దీ, వరద ముగిశాక కోలుకోవడానికి దొరికే మంచి నెలలు కుదించుకుపోయే ప్రమాదం ఉంది. భీమవరం వైపు రొయ్యల రైతుకు ఈ లెక్క ఎవరూ నేర్పనక్కరలేదు. పొద్దునా సాయంత్రమూ చెరువు పీహెచ్ చూసుకొని, పెంకు గట్టిపడక రొయ్య మెత్తబడితే సున్నమో డోలమైటో చల్లుతాడు. అతని చెరువుకు గట్టు ఉంది.

గోదావరిఖని బొగ్గుకే ఒక పాత చరిత్ర ఉంది. ప్రాణహిత-గోదావరి లోయ బొగ్గు పొరలు పెర్మియన్ అనే భూయుగంలో ఏర్పడ్డాయి. ఆ యుగం సుమారు 25.2 కోట్ల సంవత్సరాల కిందట భూచరిత్రలోకెల్లా పెద్ద వినాశనంతో ముగిసింది. సైబీరియాలో ఎగదన్నిన లావా అక్కడి బొగ్గు పొరలనూ, సున్నపురాతినీ కాల్చి అపారమైన కార్బన్ డయాక్సైడ్‌ను వెళ్లగక్కగా, వేడెక్కి, ఊపిరాడక, ఆమ్లం వైపు జరిగిన సముద్రంలో జలచర జాతులు అధికభాగం నశించాయి. దళసరి చిప్పలు కట్టుకొని, లోపలి ద్రవాన్ని సరిచేసుకునే నేర్పు తక్కువైన జాతులే ముందుగా, ఎక్కువగా పోయాయి. నాటి ఆ ఉత్పాతానికి వేల ఏండ్లు పట్టింది.

సింగరేణి కార్మికుడు తన చెమటతో రాష్ట్రానికి వెలుతురు తెచ్చాడు, ఆ రుణాన్ని తక్కువచేసే మాట ఏదీ ఇందులో లేదు. రామగుండం జలాశయం మీద 2022లో పూర్తయిన ఎన్టీపీసీ 100 మెగావాట్ల నీటిపై తేలే సౌరకేంద్రం మార్పు మొదలైందని చెబుతోంది, అయితే పక్కనే ఉన్న బొగ్గు యూనిట్లతో పోలిస్తే అది చిన్నదే. సముద్రంలో సున్నం కలిపి ఆమ్లాన్ని విరవాలన్న ప్రతిపాదన ఇటీవల తరచు వినిపిస్తోంది. వంద కిలోల సున్నపురాయిని కాలిస్తే 56 కిలోల సున్నం చేతికి వస్తుంది, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ పైకి పోతుంది. ఆ సున్నం కడలిలో కరిగి అంతకంటే కొంత ఎక్కువ వాయువును పీల్చగలదు గాని, కొలిమిని బొగ్గుతో మండిస్తే ఆ మిగులు చాలావరకు హరించుకుపోతుంది. పొగను పట్టి భూమిలో దాచగలిగితే తప్ప ఈ బేరం గిట్టదు. సున్నపురాయిని తవ్వే గని, కాల్చే కొలిమి, పట్టిన వాయువును భద్రపరిచే లోతైన రాతిపొర, ఈ మూడింటి ఖర్చూ లాభమూ తేల్చవలసిన లెక్కలు సముద్ర జీవశాస్త్రజ్ఞుల దగ్గర లేవు. అవి నేడు ఇక్కడ పట్టాలు అందుకుంటున్నవారి పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి.